ఒక్క ‘సే’... రెండు ఇంగ్లిష్ మాటలు

హైదరాబాద్ ఛత్తాబజార్‌లో పెళ్లికార్డు అచ్చుకెక్కే ముందు ప్రూఫు ఇంటివాళ్ల చేతికొస్తుంది. పేర్లు, తేదీ, ఫంక్షన్‌హాల్ అడ్రసు మళ్లీ మళ్లీ చూసుకుంటారు. ఆ హడావిడిలో ‘ఆన్ ది ఈవ్ ఆఫ్ మ్యారేజ్’ అన్న మాట కళ్లు గప్పి పోతుంది. పెళ్లి సందర్భంగా అని మనవాళ్ల ఉద్దేశం. కానీ ఈవ్ అంటే ముందురోజు. అక్కడ ఉండాల్సింది ‘ఆన్ ది అకేషన్ ఆఫ్’.

ఇలాంటివి పట్టుకోగలగడం మీద కొందరి ఉద్యోగాలే ఆధారపడి ఉన్నాయి. నయాపూల్ దాటితే అఫ్జల్‌గంజ్‌లో రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం, 1891లో మొదలైన నాటి ఆసఫియా. అక్కడ పోటీపరీక్షలకు చదివే పిల్లలకు ‘స్పాటింగ్ ఎర్రర్స్’ బాగా తెలిసిన తలనొప్పి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకు స్టాఫ్ సెలక్షన్ కమిషన్ (ఎస్సెస్సీ) పెట్టే సీజీఎల్ పరీక్ష తొలి అంచెలో 100 ప్రశ్నలకు 60 నిమిషాలు. అందులో 25 ఇంగ్లిష్‌వే. తప్పు జవాబుకు అర మార్కు పోతుంది.

రూల్సు బట్టీపడితే సరిపోతుందని నేననుకోను. ముందు మన తప్పు ఎక్కడ పుడుతోందో చూడాలి. ‘హి ఈజ్ లివింగ్ హియర్ సిన్స్ టెన్ ఇయర్స్’ అంటాం. పాతబస్తీ ఉర్దూలో ‘పీర్ సే’ అన్నా, ‘దస్ సాల్ సే’ అన్నా అదే ‘సే’. తెలుగులోనూ సోమవారం నుంచి, పదేళ్ల నుంచి. ఇంగ్లిష్ మాత్రం మొదలైన రోజుకు సిన్స్, గడిచిన కాలానికి ఫర్ అని విడదీస్తుంది. క్రియ కూడా మారాలి: ‘హి హాజ్ బీన్ లివింగ్ హియర్ ఫర్ టెన్ ఇయర్స్’. ‘డిస్కస్ అబౌట్’ కూడా ఇలా వచ్చిందే. మనం దేని ‘గురించో’ చర్చిస్తాం. డిస్కస్‌కు ఆ అబౌట్ అక్కర్లేదు. ‘నాకంటే సీనియర్’ అనే అలవాటుతో ‘సీనియర్ దేన్ మీ’ అంటాం, అక్కడ ‘టు’ రావాలి.

ఇది తెలివితక్కువతనం కాదు. రెండు భాషలు వచ్చినవాళ్ల నోట మూడోది పలికే తీరు. 1918లో ఉర్దూ మాధ్యమంతో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం కూడా ఇంగ్లిష్‌ను తప్పనిసరి పాఠంగా ఉంచింది. సొంత భాషలో ఆలోచిస్తూ ఇంగ్లిష్ నేర్చుకోవడం ఈ ఊరికి కొత్త కాదు. తప్పు మాట్లాడిన పిల్లను చూసి క్లాసంతా నవ్వితే ఆ పిల్ల మళ్లీ నోరు విప్పదు. నాకు బాధ కలిగించేది అదే.

ఇక పరీక్షలో అడిగే తీరులో, లాడ్‌బజార్ గాజుల గురించి ఒక వాక్యం చూడండి: ‘ది క్వాలిటీ ఆఫ్ దీజ్ బ్యాంగిల్స్ ఆర్ గుడ్’. క్రియ పక్కనే గాజులున్నాయి కాబట్టి చెవికి ‘ఆర్’ బాగానే వినిపిస్తుంది. మధ్యలోని ‘ఆఫ్ దీజ్ బ్యాంగిల్స్’ను వేలితో మూసి చదవండి. మిగిలింది క్వాలిటీ, అంటే ఏకవచనం. ‘ఈజ్’ రావాలి.

ఈ కిటుకు అలవాటయ్యాక ఇంకో చిక్కు వస్తుంది. ‘టెన్ కిలోమీటర్స్ ఈజ్ ఎ లాంగ్ వాక్’ అన్నది కనబడగానే చెయ్యి ‘ఈజ్’ను కొట్టేయబోతుంది. పది కిలోమీటర్లనూ కలిపి ఒకే దూరంగా చూసినప్పుడు అక్కడ ‘ఈజ్’ సరైనదే. జవాబు ‘నో ఎర్రర్’.