తల విరిగిన మామిడియంటు – క్రొత్త తలకొమ్మను ఎన్నుకొనుట



మామిడియంటును నాటిన మొదటి రెండేండ్లలో దాని తల పోవుట మన గ్రామములలో క్రొత్త సంగతి కాదు. మేక కొరుకును, గాలివాన విరుచును, కావలిలేని తోటలో పశువు త్రొక్కును. అంతమాత్రమున మొక్కను పెరికివేయ నక్కరలేదు. కొలదిదినములలో మోటునుండి చిగుళ్లు లేచును. వానిలో దేనిని తలగా నిలుపవలె ననునదే ప్రశ్న. ఈ యెన్నికలోని పొరపాటు కాపు వచ్చువరకు బయటపడదు.

చిగుళ్లు ఒక్కమారుగా లేచుటకు కారణము కలదు. కొమ్మకొనయందలి మొగ్గ ఆక్సిన్ అను ద్రవ్యమును పుట్టించి క్రిందికి పంపుచుండును. దానిచే ప్రక్కమొగ్గలు అణగియుండును. 1933లో థైమన్, స్కూగ్ అను శాస్త్రజ్ఞులు చిక్కుడుజాతి మొక్కల తలలు త్రుంచి, ఆ తావున ఈ ద్రవ్యమునే యుంచగా ప్రక్కమొగ్గలు లేవకుండుట చూపిరి. తల పోయినచో అణపువాడు పోయినట్లే. ప్రతి మొగ్గయు తానే తల కాగోరును.

నా పొరపాటు నొకటి చెప్పెదను. ఒక తోటలో తల విరిగిన బంగినపల్లియంటుకు మూడు చిగుళ్లు వచ్చినవి. అన్నిటికంటె బలిసి నిటారుగా పెరిగినదానిని నిలిపి తక్కినవి కోయుమని నేనే చెప్పితిని. అది యెక్కడనుండి పుట్టినదో వంగి చూడనైతిని. ఆరవయేట కాయలు కాచెను. అన్నియు పీచుగల పుల్లని నాటుకాయలు. ఆ రైతు నన్ను ఒక్కమాటయు ననలేదు. ఒక పండు కోసి నా చేతిలో పెట్టెను. నాటినుండి నేను చిగురును చూచుటకు ముందు మొదలు చూచుచున్నాను.

అంటుమొక్కలో పైభాగము మేలురకము. క్రిందిభాగము టెంకనుండి మొలిచిన నాటుమొక్క. కట్టునకు దిగువనుండి వచ్చు చిగురు ఎంత ఏపుగా నున్నను నాటుదే. కావున కట్టు మట్టిలో కప్పబడియున్నచో మట్టిని తొలగించి చూడుడు. దిగువ చిగుళ్ల నన్నిటిని మొదలంట తీసివేయుడు. కట్టునకు పైన ఒక్క మొగ్గయు బ్రతికి యుండనిచో ఆ మొక్కకు మరల అంటుకట్టింపవలెను.

పిదప తల యెంత యెత్తున విరిగినదో చూడవలెను. రెండున్నర అడుగులకు పైన విరిగినచో క్రొత్త తలతో పనిలేదు. వేర్వేరు దిక్కులకు సాగు మూడు నాలుగు కొమ్మలను, ఒకదానికొకటి కొంత యెడముగా నుండునట్లు నిలిపిన చాలును. అంతకు దిగువ విరిగినచో ఒక్క చిగురును తలగా నెన్నుకొనవలెను. అది కట్టునకు పైన నుండవలెను. విరిగినచోటికి దగ్గరగా పుట్టి, తెగులులేక, మొదట గట్టిగా అతికి యుండవలెను. లావే ప్రధానము కాదు.

జపానులో కుండీలలో బోన్సాయి చెట్లను పెంచువారును ఇట్లే మోటును కోసి ప్రక్కకొమ్మను తలగా లేపుదురు. మొండెముకంటె సన్ననిదానినే వారు కోరుదురు. అప్పుడే చెట్టు క్రిందనుండి పైకి క్రమముగా సన్నబడినట్లు కనబడును.

ఎన్నుకొన్న చిగురునకు కొంచెము పైగా, ఎండిన మోటును పదునైన కత్తితో ఏటవాలుగా కోయుడు. పొడుగు మోటును విడిచినచో అది కుళ్లి పురుగునకు ఇల్లగును. వాన లేని దినమున ఈ పని చేయుట మేలు. గాయమునకు బోర్డోముద్ద పూయవలెను: మైలుతుత్తము 100 గ్రాములు, సున్నము 100 గ్రాములు, నీరు ఒక లీటరు. ఇనుపపాత్రలో కలుపరాదు.

చిగురును వెదురుపుల్లకు అరటినారతో వదులుగా కట్టి, బలిసినకొలది కట్టును సడలించుచుండుడు. కట్టునకు పైనున్న తక్కిన చిగుళ్ల నన్నిటిని ఒకేసారి కోయరాదు; వాని ఆకులే మొక్కకు ఆహారము. కొనలు మాత్రము గిల్లి, తల బలపడిన పిమ్మట తీసివేయుడు.

మన సంఘసభ్యుల తోటలలో ఇట్టి మొక్కలున్నచో చిగుళ్లు కోయకముందే నాకు కబురంపుడు. కోసిన పిమ్మట చెప్పగల సలహా స్వల్పము.