చేపను గురించి మనం అడగని ప్రశ్న

మాంసం కొనేటప్పుడు మన ఇళ్ళలో ఒక ప్రశ్న తప్పక వినిపిస్తుంది: ‘జిబహ్ ఎవరు చేశారు?’ చేపకు జిబహ్ అవసరం లేదు గనుక అక్కడ ఆ ప్రశ్న ఉదయించదు. మొప్పలు ఎర్రగా ఉన్నాయా, వాసన వస్తున్నదా అని మాత్రమే చూచి కొంటున్నాం. కాని ఆహారం హలాల్ కావడంతోపాటు తయ్యిబ్, అనగా పరిశుద్ధమైనదీ మేలైనదీ, కావాలి. నేడు మన పళ్ళెంలోకి వచ్చే చేపలలో, రొయ్యలలో అధికభాగం చెరువులలో మేత వేసి పెంచినవే. కనుక ఇక్కడ కూడా ఒక ప్రశ్న అడగవలసి ఉన్నది: ‘వీటికి ఏ మందులు వాడారు?’

మందుల అవసరం ఎందుకు కలుగుతున్నది?

తక్కువ నీటిలో ఎక్కువ పిల్లలను వదిలినప్పుడు రోగం త్వరగా వ్యాపిస్తుంది. అప్పు తెచ్చి పెట్టుబడి పెట్టిన రైతు, పంట చేజారిపోతుందన్న భయంతో మేతలో యాంటీబయాటిక్ కలుపుతాడు. రొయ్యలకు వచ్చే తెల్లమచ్చల వ్యాధికి కారణం వైరస్. యాంటీబయాటిక్ వైరస్‌పై పనిచేయదు. అలాంటప్పుడు డబ్బు పోతుంది, రోగం పోదు, మందు మాత్రం మిగులుతుంది.

కొన్ని మందులను పరిమితంగా వాడి, పట్టుబడికి ముందు నిర్ణీత కాలం ఆపివేయడానికి అనుమతి ఉన్నది. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ల వంటివి మాత్రం మన దేశంలోనూ, ఐరోపా, అమెరికాలలోనూ ఆహారానికి పెంచే జీవులకు నిషిద్ధం. క్లోరాంఫెనికాల్ వలన బహు అరుదుగానైనా కొందరిలో ఎముకల మూలుగ రక్తాన్ని తయారుచేయడం మానివేస్తుంది. నైట్రోఫ్యూరాన్ల అవశేషాలు కండకు అంటిపెట్టుకొని ఉంటాయి. వేపుడైనా పులుసైనా పొయ్యి వేడికి అవి నశించవు.

సరిహద్దుల వద్ద పరీక్షలు

2002 జనవరిలో ఐరోపా సమాఖ్య చైనా నుండి వచ్చే జంతు సంబంధ ఆహారపదార్థాల దిగుమతిని నిలిపివేసింది. రొయ్యలలో క్లోరాంఫెనికాల్ బయటపడడం అందుకు ఒక ముఖ్య కారణం. 2007 జూన్‌లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ చైనాలో పెంచిన రొయ్యలను, బాసా, ఈల్ వంటి చేపలను, నిషిద్ధ మందులు లేవని రుజువయ్యేవరకు రేవులోనే నిలిపివేయాలని ఆదేశించింది. అయినను ఆ దేశపు ప్రభుత్వ లెక్కల తనిఖీ సంస్థ 2011లో వెల్లడించినదాని ప్రకారం, 2009 ఆర్థిక సంవత్సరంలో మందుల అవశేషాల కోసం పరీక్షించినది దిగుమతులలో సుమారు 0.1 శాతమే!

ఇది పరదేశపు ముచ్చట మాత్రమే కాదు. 2016లో ఐరోపా సమాఖ్య మన దేశపు చెరువు రొయ్యల సరుకులో పరీక్షించే వాటాను 10 శాతం నుండి 50 శాతానికి పెంచింది. దేశంలో రొయ్యల పెంపకానికి ఆంధ్రప్రదేశ్ అగ్రస్థానం. అమెరికాలోని తెలుగు కుటుంబం కొన్న రొయ్య గోదావరి జిల్లాల చెరువులో పెరిగినదే కావచ్చు.

ఐరోపాకు పంపదలచిన రైతు పట్టుబడికి ముందే నమూనాను ప్రయోగశాలకు ఇచ్చి, నిషిద్ధ మందులు లేవన్న పత్రం పొందవలసి ఉంటుంది. మన దేశంలోనూ ఆహార భద్రతా సంస్థ నిర్ణయించిన పరిమితులు ఉన్నాయి. కాని మన వీధి అంగడిలో అటువంటి పత్రం చూపేవారు లేరు, అడిగేవారూ లేరు. పరదేశపు కొనుగోలుదారు అడిగాడు గనుక అతనికి పరీక్ష జరిగింది. మన పిల్లల ఆరోగ్యం అంతకన్న చవకైనదా?

అసలు నష్టం

ఒక్క పూట తిన్నంత మాత్రాన జబ్బు పడే అవకాశం బహు తక్కువ. చేపను మానుకోవలసిన అవసరమూ లేదు. అది మంచి ఆహారం. అసలు ప్రమాదం వేరు. అతిగా మందులు వాడిన చెరువులలో బాక్టీరియా ఆ మందులకు లొంగకుండా మొండికెత్తుతుంది. ఆ మొండితనం నీటి ద్వారా, ఆహారం ద్వారా మనుషులను చేరుతుంది. 2019లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 12 లక్షల 70 వేల మరణాలకు మందులకు లొంగని బాక్టీరియాయే నేరుగా కారణమని శాస్త్రజ్ఞుల అంచనా. మనుషులకు, పశువులకు, చేపలకు జరిగిన దుర్వినియోగమంతా ఈ కష్టాన్ని పెంచుతున్నది.

మనం చేయదగినది

ఉప్పు, పసుపు వేసి ఎంత కడిగినా మందు పోదు. కంటికీ ముక్కుకూ అది తెలియదు. కనుక కొనే ముందే జాగ్రత్త వహించాలి. ప్యాకెట్టు చేపపై ఏ దేశపు సరుకో, 14 అంకెల ఆహార లైసెన్సు సంఖ్య ఉన్నదో లేదో చూడాలి. అమెరికాలో ఉన్న మనవారు పెద్ద దుకాణాలలో దేశం పేరుతోపాటు, పెంచినదా, సహజంగా పట్టినదా అన్నది కూడా చదువుకోవచ్చు. తెలిసిన అంగడివానిని ‘ఏ ఊరి చెరువుది?’ అని అడగాలి. ఎప్పుడూ ఒకే రకం కాకుండా నెత్తళ్ళు, కానాగంతలు వంటి సముద్రపు చేపలనూ తెచ్చుకోవాలి. ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్‌ను వైద్యుని సలహా లేకుండా మింగే అలవాటును కూడా మానుకోవాలి.

చెరువులు గలవారు, చేపల వ్యాపారులు మనలోనూ ఉన్నారు. సరుకులోని లోపాన్ని దాచి అమ్మడం ధర్మం కాదని వారికి తెలియనిది కాదు. కంటికి కనిపించని లోపమూ లోపమే. అమ్మేవారు ఆ సంగతి మరువకుండా, కొనేవారు అడగడానికి మొహమాటపడకుండా ఉంటే, ఐరోపా బల్లకు దక్కిన జాగ్రత్త మన దస్తర్‌ఖాన్‌కూ దక్కుతుంది.