కిరండూల్ లైనులో తిండి మాటలు

విశాఖ రేవులో ఇనుప ఖనిజం వ్యాగన్లను బోర్లించే టిప్లర్ దగ్గర నా ఉద్యోగం. మాతో పనిచేసే బళ్లారి ఆయన క్యాంటీన్‌లో టీ చప్పరించి ‘హాలు తక్కువ’ అంటాడు. పండు ఆయనకు ‘హణ్ణు’, పులుపు ‘హుళి’. మావాళ్లు నవ్వుతారు గానీ, అందులో వింతేం లేదు. కన్నడంలో మాట మొదట్లో ఉండే ‘ప’ వందల ఏళ్ల కిందటే ‘హ’ అయిపోయింది.

కెల్టిక్ భాషల్లోనూ ఇదే తంతు. ఉప్పు ఐరిష్‌లో ‘సలన్’, వెల్ష్‌లో ‘హాలెన్’. కాబట్టి ఆ కుటుంబంలోకి కొత్త భాషను కల్పించేవాళ్లు ఉప్పుకు తోచిన పేరు పెట్టేస్తే చెల్లదు. తమది ‘స’ వైపో ‘హ’ వైపో ముందే తేల్చుకోవాలి. వెల్ష్ ధ్వనులను ఒరవడిగా పెట్టుకుని సిందారిన్ భాషను అల్లిన టోల్కీన్ (1892–1973), దారిబత్తెంగా పట్టుకెళ్లే ‘లెంబాస్’ రొట్టె పేరుకూ పాతరూపం చూపించాడు: ‘లెన్’ అంటే ప్రయాణం, ‘మ్‌బస్’ అంటే రొట్టె. ‘బాహుబలి’ (2015) కోసం మదన్ కార్కీ కట్టిన కిలికికి ఈ బాదరబందీ లేదు. అందులో ఆ భాష మాట్లాడే కాలకేయులకు చుట్టాలతో పనేముంది!

తెలుగుకు ఓ చెల్లెలు భాషను కల్పిస్తామని ఎవరైనా వస్తే, ముందు కిరండూల్ పాసింజరు ఎక్కమంటాను. బైలదిల్లా ఖనిజాన్ని మన రేవు మీదుగా జపాన్‌కు పంపడానికి 1960లలో వేసిన లైను అది. మన ‘తిను’ ఆ దారి పొడవునా తోడొస్తుంది. అరకు వైపు కొండభాషలో ‘తిన్’, పైకెళ్తే గోండీలోనూ ‘తిన్’. కొండభాషకు కూబి అని ఇంకో పేరు. భద్రిరాజు కృష్ణమూర్తిగారు దానిమీద 1969లో పుస్తకమే వేశారు.

అసలు తమాషా ‘ఉణ్’ ధాతువుది. తమిళంలో అది భోంచేయడం. కన్నడిగుల ‘ఊట’ కూడా దాని సంతానమే. కొండభాషకూ గోండీకీ వచ్చేసరికి అదే ధాతువు తాగడమైంది! ఎందుకలా అంటే నా ఊహ నాది: అంబలి. చిన్నప్పుడు మా అమ్మ చోడంబలి గిన్నె చేతికిచ్చి ‘తాగీరా’ అనేది. నంజుకోడానికి ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ. పొద్దుటి తిండి మాకదే. తాగినట్టా, తిన్నట్టా? పండితులు నా ఊహను కొట్టిపారేసినా సరే, కొత్త భాష కట్టేవాళ్లు మాత్రం అంబలి దగ్గర కాసేపు ఆగి, దానికి ఏ క్రియ వాడాలో తేల్చుకోక తప్పదు.