పాల బండి పొగ గొడితే

ఎండాకాలంలో ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల దారుల్లో బండి ఆగితే క్యానులో పాలు ఆగవు, పుల్లబారతాయి. నష్టం రైతుదే. మైసూరులో పాత ఎజ్డీల తయారీ 1996లోనే ఆగినా, అటువంటి బండ్లపై పాలు తెచ్చే సభ్యులు ఇంకా ఉన్నందున ఈ నాలుగు మాటలు చెబుతున్నాము.

ఇంజను చల్లారాక ప్లగ్గు విప్పి చూడండి. కొన లేత గోధుమ రంగులో ఉంటే మంచిదే. నల్లగా మసిపట్టితే గాలి తక్కువై పెట్రోలు ఎక్కువవుతున్నదన్నమాట. నాపరాతి గనుల వైపు తిరిగే బండ్లకు ఎయిర్ ఫిల్టరులో దుమ్ము నిండటం మామూలే. చోకు వేసి మరచిపోయారేమో కూడా చూడండి. మేమూ ఒకసారి మరచి, కార్బురేటరును ఊరకే తిట్టుకున్నాము.

కొన తెల్లబారితే చాలావరకు జెట్టులో నలుసు ఉంటుంది. తీగతో పొడవవద్దు, రంధ్రం పెద్దదవుతుంది. కడిగి గాలి ఊదండి. ఇప్పటి పెట్రోలులో ఇథనాల్ కలుస్తున్నది, అది తేమను పీలుస్తుంది. నెలల తరబడి నిలిపిన బండికి ఫ్లోటు గిన్నె ఖాళీ చేయాలి.

అయినా ఎత్తు ఎక్కలేకపోతే సైలెన్సరు చూడవలసిందే. టూ స్ట్రోకు బండిలో పెట్రోలుతోపాటు ఆయిలూ కాలి, లోపల మసి గట్టిపడుతుంది. పొగకు దారి లేక ఇంజను బలం తగ్గుతుంది. లోపలి గొట్టం తీసి గీకించండి. ఆయిలు ఎక్కువ పోస్తే బండికి మేలని కొందరి నమ్మకం. తయారీదారు చెప్పిన పాలుకు మించితే మసిని కొనుక్కున్నట్టే.

పని ముగిశాక సబ్బుతో చేతులు కడగనిదే క్యాను మూత ముట్టవద్దు. పాలు పెట్రోలు వాసనను ఇట్టే పట్టుకుంటాయి.