ప్రవేశపరీక్షయందు కాలవినియోగము

ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రములయందు ఇంటరు చదివిన బాలబాలికలకు ఇంజనీరింగు కళాశాలల ద్వారములు తెఱచునది ఈఏపీసెట్ పరీక్ష. ఒకప్పుడు దీనినే ఎంసెట్ అనుచుండిరి. ఈ పరీక్షకై తలిదండ్రులు వెచ్చించు ధనమునకును, బిడ్డలు మానుకొను నిద్రకును మితి లేదు. అయినను గణితము చక్కగా నేర్చినవారు సైతము మార్కులయందు వెనుకబడుచుండుట చూచుచున్నాము. ఇట్టివారియందు లోపము జ్ఞానమున గాదు, కాలమును పంచుకొనుటయందు.

లెక్క చూడుడు. 2025వ సంవత్సరపు పరీక్షలో ప్రశ్నలు 160, వ్యవధి 180 నిమిషములు. గణితమునకు 80, భౌతిక రసాయనములకు చెఱి 40. ప్రశ్నకొక మార్కు. సగటున ఒక్కొక్క ప్రశ్నకు లభించునది 67½ సెకండ్లు. విషయములకు వేర్వేరు గడువులు లేవు. మూడు గంటలను విద్యార్థి తన యిచ్చవచ్చినట్లు వాడుకొనవచ్చును. ఈ స్వాతంత్ర్యమే అజాగ్రత్తపరునకు ఉచ్చగుచున్నది. కఠినమైన యొక లెక్కపై 5 నిమిషములు గడపినవాడు నాలుగు ప్రశ్నలకు మించిన కాలమును కోల్పోవును. తలమడికే నీరంతయు కట్టి చివరిమడిని ఎండగట్టిన రైతును మనము మెచ్చుకొందుమా?

రసాయనము చాలవఱకు జ్ఞాపకశక్తిపై నాధారపడినది గనుక దానిని 35, భౌతికమును 45 నిమిషములలో ముగింప నభ్యసించినచో గణితమునకు 100 నిమిషములు మిగులును. వానిని మూడు విడతలుగా పంచుకొనుట మేలు. మొదటి 60 నిమిషములలో 80 ప్రశ్నలను చదివి, చూడగనే మార్గము తోచిన వానిని మాత్రమే చేయవలెను. తరువాతి 30 నిమిషములు మార్గము తెలిసియు గణనము దీర్ఘమైన వానికి. కడపటి 10 నిమిషములు మిగిలిన వానికి.

అడిగినదేమో గుర్తించుటయు కాలమును మిగుల్చును. ఒక వర్గసమీకరణపు మూలముల మొత్తము 7, లబ్ధము 3 అనుకొందము. మూలముల వర్గముల మొత్తము కావలెనన్న మూలములను కనుగొన నక్కఱలేదు. 49 నుండి 6 తీసివేసిన 43 వచ్చును. మఱికొన్నింట ఇచ్చిన నాలుగు జవాబులను సమీకరణమున ప్రతిక్షేపించి చూచుటయే దగ్గఱి దారి.

ఈ పరీక్షలో తప్పునకు మార్కు కోత లేదు. కావున ఒక్క ప్రశ్నయైనను గుర్తింపక విడుచుట అవివేకము. 12 ప్రశ్నలను గ్రుడ్డిగా గుర్తించినను, సంభావ్యతను బట్టి సగటున మూడు మార్కులు రావలెను. ర్యాంకుల పోటీలో మూడు మార్కులు అల్పములు గావు.

అయితే ఒక పరీక్ష నీతి వేఱొకదానికి చెల్లదు. 2025 జేఈఈ మెయిన్ పరీక్షలో అదే 180 నిమిషములకు ప్రశ్నలు 75 మాత్రమే, గణితమునకు 25. ఒప్పునకు నాలుగు మార్కులు, తప్పునకు ఒకటి కోత. అచ్చట ప్రశ్నకు సగటున 144 సెకండ్లు గలవు. కాని తొందరపాటునకు దండన గలదు. రెండు మూడు జవాబులను త్రోసివేయగలిగినప్పుడు సాహసింపవచ్చును గాని, ఏమియు తోచనప్పుడు గుర్తించుటవలన లాభము నామమాత్రము.

మన విద్యాలయములు లెక్క చేయుట నేర్పుచున్నవి. లెక్కను విడుచుట నేర్పుట లేదు. చదువుకొను గదిలో పట్టుదల గుణము, పరీక్షామందిరమున నదియే దోషము కావచ్చును. ఈ వివేకము ఉపన్యాసములచే రాదు. గడియారము ముందుంచుకొని పూర్తి ప్రశ్నపత్రములను పలుమాఱు వ్రాయుటవలననే అలవడును. ఇందులకు ధనము వలదు. పాత ప్రశ్నపత్రము, గడియారము, మూడుగంటల నిశ్శబ్దము చాలును. పల్లెలోని రైతుబిడ్డకును ఇవి యందని వస్తువులు గావు. కడపటి మాసముననైనను తలిదండ్రులు మార్కుల నడుగుట తగ్గించి, బిడ్డలకా నిశ్శబ్దమును సమకూర్చుదురు గాక.