విషంలో ఔషధం

తేనెటీగ అనగానే మనకు మొదట తేనె, ఆ వెంటనే దాని కొండి గుర్తుకు వస్తాయి. పువ్వు పువ్వునా తిరిగి తీపిని కూడబెట్టే ఈ చిరుప్రాణి, తన పట్టుకు ఆపద కలిగినప్పుడు విషాన్ని ఆయుధంగా ప్రయోగిస్తుంది. ఆ విషానికి క్యాన్సర్ కణాలను నశింపజేసే శక్తి ఉన్నదని పరిశోధనలు తెలుపుతున్నాయి. అయితే కణాన్ని చంపగలిగినంత మాత్రాన ఒక పదార్థం ఔషధమవుతుందా? ఈ ప్రశ్నకు సమాధానం తెలుసుకోవడం రోగికీ, సమాజానికీ ఎంతో అవసరం.

విషం నుంచి మందును రాబట్టడం మానవునికి కొత్త కాదు. యుక్తితో వాడినప్పుడు తీవ్రమైన విషం సైతం ఔషధమవుతుందని చరకసంహిత పేర్కొన్నది. మన పెరళ్లలో పూచే బిళ్లగన్నేరు విషగుణం గల మొక్క. దాని నుంచి వేరుచేసిన విన్‌క్రిస్టిన్ 1960ల నుంచి పిల్లలకు వచ్చే రక్త క్యాన్సర్ చికిత్సలో ఉపయోగపడుతున్నది. బ్రెజిల్ దేశపు ఒక సర్పం విషంపై జరిగిన పరిశోధన, రక్తపోటును తగ్గించే కాప్టోప్రిల్ అనే మందుకు దారితీసింది.

తేనెటీగ విషం అనేక పదార్థాల మిశ్రమం. ఎండిన విషం బరువులో దాదాపు సగం మెలిటిన్ అనే పదార్థమే. ఇది 26 అమైనో ఆమ్లాలు గొలుసువలె కూడి ఏర్పడినది. మెలిటిన్ కణాన్ని ఆవరించి ఉన్న త్వచంలోకి చొచ్చుకొనిపోయి రంధ్రాలు చేస్తుంది. చిల్లులు పడిన కుండలో నీరు నిలవనట్లే, త్వచం చెదిరిన కణంలో ప్రాణం నిలవదు.

ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో ఉన్న హ్యారీ పెర్కిన్స్ వైద్య పరిశోధన సంస్థకు చెందిన కియారా డఫీ బృందం 2020లో ఒక ముఖ్యమైన పరిశోధనను ప్రకటించింది. ఆస్ట్రేలియా, ఐర్లాండ్, ఇంగ్లండులలోని 312 తేనెటీగలు, బంబుల్ ఈగల నుంచి సేకరించిన విషాన్ని వారు రొమ్ము క్యాన్సర్ కణాలపై ప్రయోగించారు. చికిత్సకు సులభంగా లొంగని 'ట్రిపుల్ నెగెటివ్' రకం కణాలు కూడా వాటిలో ఉన్నాయి. మెలిటిన్ 20 నిమిషాలలో ఆ కణాల పెరుగుదలకు అవసరమైన సంకేతాలను బాగా తగ్గించింది; 60 నిమిషాలలో వాటి త్వచాలను ధ్వంసం చేసింది. తగిన గాఢతలో వాడినప్పుడు ఆరోగ్యకరమైన కణాలకు కలిగిన హాని స్వల్పమే. మెలిటిన్ లేని బంబుల్ ఈగ విషం మాత్రం ఆ కణాలను చంపలేకపోయింది. ఎలుకలలో డోసిటాక్సెల్ అనే క్యాన్సర్ మందుతో కలిపి ఇచ్చినప్పుడు మెలిటిన్ కణితి పెరుగుదలను తగ్గించింది.

ఇది ఆశాజనకమే, కాని గాజుపాత్రలోని విజయం రోగి శరీరంలోని విజయం కాదు. గాజుపాత్రలోని క్యాన్సర్ కణాలను సబ్బునీరు సైతం చంపగలదు. రక్తంలోకి నేరుగా చేరిన మెలిటిన్ ఎర్ర రక్తకణాలను కూడా ఛేదిస్తుంది. అందువల్ల దానిని కణితి వద్దకే చేర్చడం అసలైన సమస్య. అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో గల వాషింగ్టన్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు 2009లో అతి సూక్ష్మమైన నానో రేణువులకు మెలిటిన్‌ను జోడించి ఎలుకలలోకి పంపారు. దారిలో రక్తకణాలకు హాని కలగకుండానే కణితుల పెరుగుదల తగ్గింది.

అయినప్పటికీ మెలిటిన్ నేటికీ క్యాన్సర్ మందుగా ఆమోదం పొందలేదు. ఎంత మోతాదు క్షేమకరమో, ఏ దుష్ఫలితాలు కలుగుతాయో మనుషులపై దశలవారీగా జరిపే పరీక్షలే తేల్చాలి. ఈలోగా తేనెటీగలచేత కుట్టించుకొంటే క్యాన్సర్ నయమవుతుందని నమ్మడం ప్రమాదకరం. విషం సరిపడనివారికి ఒక్క కాటుతోనే ఊపిరి ఆడక ప్రాణాపాయం కలగవచ్చు. అంతకంటె పెద్ద ప్రమాదం మరొకటి ఉన్నది. తొలిదశలో గుర్తించిన రొమ్ము క్యాన్సర్‌కు నేడు సమర్థమైన చికిత్స లభిస్తున్నది. దానిని వదలి విషాన్ని ఆశ్రయించిన రోగి, కోలుకొనే అమూల్యమైన కాలాన్ని కోల్పోతారు.

బిళ్లగన్నేరు ఆకు మందు కాలేదు; దాని నుంచి వేరుచేసి, పరీక్షించి, మోతాదు నిర్ణయించిన పదార్థమే మందు అయింది. తేనెటీగ విషం కూడా ఆ దారిలోనే నడవవలసి ఉన్నది.