చిన్న చిప్ వెనుక కంపైలర్: అపోహలు – వాస్తవాలు

ఇంజనీరింగ్ కాలేజీల్లో ఫైనలియర్ ప్రాజెక్టుకు తరచూ ఎంచుకునే బోర్డు ఆర్డుయినో ఉనో. దాని మీదున్న, ఏవీఆర్ కుటుంబానికి చెందిన ఏటీమెగా328పీ చిప్‌లో ప్రోగ్రామ్‌కు 32 కిలోబైట్ల ఫ్లాష్, డేటాకు 2 కిలోబైట్ల ర్యామ్ ఉంటాయి. అప్‌లోడ్ బటన్ నొక్కితే ఎల్ఈడీ వెలుగుతుంది. ఈ మధ్యలో ఎన్ని పరికరాలు పనిచేశాయో, వాటిని ఎవరు కాపాడుతున్నారో చాలామంది ఆలోచించరు. అపోహలు పుట్టేది అక్కడే.

అపోహ: ఆర్డుయినోకు సొంత భాష, సొంత కంపైలర్ ఉన్నాయి.

మనం రాసేది సీ++. ఐడీఈ దానికి కొన్ని డిక్లరేషన్లు చేర్చి, జీసీసీ కంపైలర్‌కు ఏవీఆర్ రూపమైన ఏవీఆర్-జీసీసీకి అప్పగిస్తుంది. అసెంబ్లర్, లింకర్ బిన్‌యుటిల్స్ నుంచి వస్తాయి. చిప్ హెడర్లు, స్టార్టప్ కోడ్, సీ లైబ్రరీ ఏవీఆర్-లిబ్‌సీవి. తయారైన ఫైలును చిప్‌లోకి ఎక్కించేది ఏవీఆర్‌డ్యూడ్. 2005లో ఆర్డుయినో వచ్చేనాటికే ఈ నాలుగూ ఉన్నాయి. నాలుగూ వేర్వేరు ప్రాజెక్టులు, ఎవరి విడుదలలు వారివి. అన్నిటినీ కలిపి టూల్‌చెయిన్ అంటారు.

అపోహ: చిప్ పాతది, మారదు. కాబట్టి కంపైలర్‌కూ ఇక పనేమీ ఉండదు.

అన్నిటికంటే నష్టం చేసే అపోహ ఇదే. చిప్ మారకపోయినా దాని చుట్టూ ఉన్న జీసీసీ మారుతూనే ఉంటుంది. ఇంటెల్, ఆర్మ్ ప్రాసెసర్లకూ ఏవీఆర్‌కూ జీసీసీలో ఉమ్మడి భాగమే ఎక్కువ. ప్రతి ప్రాసెసర్‌కూ విడిగా ఉండేది బ్యాకెండ్ అనే భాగం. ఉమ్మడి భాగంలో పద్ధతి మారితే ప్రతి బ్యాకెండూ దానికి తగ్గట్టు మారాలి. మార్చేవాళ్లు లేకపోతే ఆ బ్యాకెండ్‌ను జీసీసీ నుంచి తీసేస్తారు.

ఏవీఆర్‌కు సరిగ్గా ఆ గండమే వచ్చింది. కూడిక, తీసివేత, పోలిక వంటివి జరిగాక ప్రాసెసర్ స్టేటస్ రిజిస్టర్‌లో ఫ్లాగులు మారతాయి. ఆ ఫ్లాగుల లెక్క ఉంచుకోవడానికి జీసీసీలో సీసీ0 అనే పాత పద్ధతి ఉండేది. దాన్ని పూర్తిగా తొలగించాలని, కొత్త పద్ధతికి రాని బ్యాకెండ్లను వదిలేయాలని జీసీసీ అభివృద్ధిదారులు నిర్ణయించారు. అప్పటికి ఏవీఆర్ ఇంకా పాత పద్ధతిలోనే ఉంది. ప్రపంచమంతా వాడుతున్న చిప్‌కు కొత్త కంపైలర్ ఆగిపోయే పరిస్థితి! వాడుకరులు విరాళాలు పోగుచేసి, ఆ మార్పు చేసినవారికి బహుమతి ఇస్తామన్నారు. బ్యాకెండ్‌లో దాదాపు ప్రతి సూచన వర్ణననూ తిరగరాయాల్సిన పని అది. చివరికి పూర్తయి, 2022లో విడుదలైన జీసీసీ 12లో చేరింది.

లైబ్రరీకీ ఇలాంటి కష్టమే వచ్చింది. ఏవీఆర్-లిబ్‌సీ 2.0 వచ్చింది 2016లో, 2.1 వచ్చింది 2022లో. ఆ ఆరేళ్లలో ఏవీఆర్ కుటుంబంలో కొత్త చిప్‌లు వస్తూనే ఉన్నాయి. వాటి హెడర్లను, స్టార్టప్ ఫైళ్లను తయారీ సంస్థ ఇచ్చే ప్యాక్‌ల నుంచి తెచ్చి విడిగా అమర్చుకోవాల్సి వచ్చేది.

అపోహ: ప్యాకేజింగ్ అంటే ఫైళ్లను జిప్ చేసి పెట్టడమే.

కాదు, టూల్‌చెయిన్‌ను వాడుకరులు నేరుగా అమర్చుకునేలా సిద్ధం చేయడం అది. ముందు బిన్‌యుటిల్స్‌ను ఏవీఆర్ కోసం బిల్డ్ చేయాలి. దాని సాయంతో జీసీసీని, జీసీసీ సాయంతో ఏవీఆర్-లిబ్‌సీని బిల్డ్ చేయాలి. ఏవీఆర్ ఒకటే కుటుంబమైనా అందులో ఉపకుటుంబాలు చాలా. ఒకదానికి గుణకారం చేసే సూచన ఉంటే మరొకదానికి ఉండదు. అందుకే ఒక్కో ఉపకుటుంబానికి లైబ్రరీ ప్రతి విడిగా తయారవుతుంది, ఒక్కో చిప్‌కు స్టార్టప్ ఫైలూ విడిగానే ఉంటుంది.

ఆపై ప్యాచ్‌ల సమస్య. ప్రోగ్రామ్ చిప్‌లో ఎంత శాతం నింపిందో చూపే సౌకర్యం ఏవీఆర్-సైజ్ అనే బిన్‌యుటిల్స్ పరికరంలో ఉందని చాలామంది అనుకుంటారు. నిజానికి అది అసలు బిన్‌యుటిల్స్‌లో లేదు, ప్యాకేజీదారులు ప్యాచ్‌గా చేర్చుకున్నది. ఒక లినక్స్‌లో చక్కగా నడిచిన మేక్‌ఫైల్ మరో లినక్స్‌లో ఎర్రర్ ఇస్తే కారణం తరచూ ఇదే. ఇలాంటి తేడాలు గుర్తుపెట్టుకుని, ప్రతి కొత్త విడుదలకూ ప్యాచ్‌లను మళ్లీ సరిచూసేది ప్యాకేజీదారులే. వారి పేర్లు మనకు తెలియవు, కానీ తెలుసుకోవాలి.

అపోహ: ఆప్టిమైజేషన్ పెడితే ప్రోగ్రామ్ చెడిపోతుంది, ఆపేయడమే మంచిది.

ఆలస్యం కోసం రాసిన ఖాళీ లూప్‌ను కంపైలర్ తీసేస్తుంది, ఎందుకంటే దాని వల్ల బయటికి కనిపించే ఫలితమేదీ లేదు. ఇంటరప్ట్ మార్చే వేరియబుల్‌కు వోలటైల్ అని రాయకపోతే, పాత విలువనే రిజిస్టర్‌లో పెట్టుకుని వాడుతుంది. రెండూ సీ భాష నియమాల ప్రకారం సరైనవే. పైగా ఏవీఆర్-లిబ్‌సీలోని డిలే ఫంక్షన్లు సరైన సమయం పాటించాలంటే ఆప్టిమైజేషన్ ఉండి తీరాలి. లేకపోతే హెచ్చరిక వస్తుంది, ఆలస్యం చాలా పెరుగుతుంది, కోడ్ కూడా ఉబ్బుతుంది. వోలటైల్ ఒక్కటే సరిపోతుందనుకోవడమూ పొరపాటే. ఇది 8 బిట్ల చిప్. 16 బిట్ల విలువను రెండు విడతల్లో చదువుతుంది కాబట్టి మధ్యలో ఇంటరప్ట్ వస్తే సగం పాత, సగం కొత్త విలువ చేతికొస్తుంది. అలాంటిచోట కాసేపు ఇంటరప్ట్‌లను ఆపి చదవాలి.

అపోహ: జీపీఎల్ లైసెన్స్ ఉన్న కంపైలర్ వాడితే మన కోడ్ కూడా బయటపెట్టాలి.

అక్కర్లేదు. జీసీసీ నుంచి మన ప్రోగ్రామ్‌లో కలిసే లైబ్రరీ భాగాలకు ప్రత్యేక మినహాయింపు ఉంది. ఏవీఆర్-లిబ్‌సీది బీఎస్‌డీ తరహా లైసెన్స్, అందులో అడిగిన కాపీరైట్ ప్రకటనను ఉత్పత్తితో పాటు ఇస్తే చాలు. కానీ కంపైలర్‌నే మార్చి ఇతరులకు ఇస్తే ఆ మార్పుల సోర్స్ ఇవ్వాల్సిందే. అప్పటి చిప్ తయారీ సంస్థ అట్మెల్ తన ప్యాచ్‌ల సోర్స్ ఇచ్చింది, డెబియన్ లినక్స్ ప్యాకేజీదారులు వాటిని తీసుకున్నారు. అక్కడి జీసీసీ-ఏవీఆర్ ప్యాకేజీ వెర్షన్ సంఖ్యలో చాలాకాలం 5.4.0 పక్కన అట్మెల్ పేరు ఉండడానికి కారణం అదే.